వాల్వు టీవీకి మళ్లీ కరెంటు ఇచ్చే ముందు (ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

1970ల్లో, 80ల మొదట్లో మన ఇళ్లలోకి వచ్చిన బ్లాక్ అండ్ వైట్ టీవీ మీకు గుర్తుండే ఉంటుంది. నాలుగు కాళ్లు, చెక్క పెట్టె, ముందు పక్కలకు జరిగే షట్టరు, దానికో తాళం. ఢిల్లీలో టీవీ 1959లోనే మొదలైనా, హైదరాబాద్ దూరదర్శన్ వచ్చింది 1977 అక్టోబరులో. అందుకే మన వైపు దొరికే పాత సెట్లలో ఎక్కువ భాగం ఆ తర్వాతివే. హైదరాబాద్‌లోనే ఈసీఐఎల్ వాళ్లు టీవీలు తయారుచేసేవారు. ఆ కాలపు సెట్లలో చాలావాటిని మెకానిక్కులు 'హైబ్రిడ్' అంటారు. ఛానల్ పట్టే ట్యూనర్, దాని సిగ్నల్‌ను పెంచే ఐఎఫ్ భాగాల్లో ట్రాన్సిస్టర్లు ఉంటాయి. పవర్ ఎక్కువ కావలసిన చోట్ల, అంటే హారిజాంటల్, వర్టికల్, వీడియో, సౌండ్ అవుట్‌పుట్లలో వాల్వులు, అంటే లోపల గాలి తీసేసిన గాజు గొట్టాలు, ఉంటాయి. ఇవాళ చెప్పేదంతా ఈ రకం సెట్టు గురించే.

ముందుగా ఒక్క మాట మనసులో పెట్టుకోండి. ఈ సెట్టులో పోతే మళ్లీ కొత్తవి దొరకనివి రెండే: పిక్చర్ ట్యూబు, దానికి వేల వోల్టులిచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు. కండెన్సర్లు కొత్తవి దొరుకుతాయి, రెసిస్టర్లు దొరుకుతాయి, వెతికితే వాల్వులూ దొరుకుతాయి. మనం చేసే ప్రతి పనీ, దాని వరుసా ఆ రెండింటినీ కాపాడడానికే. అటక మీంచి దించిన సెట్టును 'చూద్దాం, పనిచేస్తుందేమో' అని నేరుగా ప్లగ్గులో పెట్టడం వాటిని పోగొట్టుకోవడానికి అన్నిటికన్నా దగ్గరి దారి. ముప్పై, నలభై ఏళ్లు పడుకున్న సెట్టు అలా పెడితే బొమ్మ రావచ్చు కూడా. పది నిమిషాలు పనిచేసి, ఆ పది నిమిషాల్లోనే ఈహెచ్‌టీ కాలిపోయిన సెట్లకు కొదవ లేదు.

ఇప్పుడు మన ప్రాణాల సంగతి. ఈ సెట్లలో చాలావాటికి మెయిన్స్ ట్రాన్స్‌ఫార్మరు ఉండదు. కరెంటు తీగల్లో ఒకటి నేరుగా ఛాసిస్‌కే కలిసి ఉంటుంది. రెండు పిన్నుల ప్లగ్గు తిప్పి పెడితే ఆ ఇనుప ఛాసిస్ మొత్తం ఫేజు మీద ఉంటుంది. అప్పట్లో ప్రతి ఇంట్లో టీవీ పక్కన స్టెబిలైజరు ఉండేది కదా, అది ఉంటే షాక్ కొట్టదని చాలామంది నమ్మకం. అది తప్పు. స్టెబిలైజరులో ఉండేది ఆటో ట్రాన్స్‌ఫార్మరు, వోల్టేజిని చేత్తో తిప్పి మార్చుకునే వేరియాక్ కూడా అంతే. వోల్టేజి మారుస్తాయి గానీ మెయిన్స్ నుంచి సెట్టును విడదీయవు. మనకు కావలసింది 1:1 ఐసొలేషన్ ట్రాన్స్‌ఫార్మరు. సెట్టు తినేది 150 నుంచి 180 వాట్లే అయినా ట్రాన్స్‌ఫార్మరు 500 వీఏది తీసుకోండి. ఎందుకంటే ఈ సెట్లు హాఫ్ వేవ్ రెక్టిఫైయర్‌తో నడుస్తాయి, సైను తరంగంలో ఒక సగాన్నే లాగుతాయి. దాంతో కోరు ఒకవైపే అయస్కాంతీకరణ చెంది, చిన్న ట్రాన్స్‌ఫార్మరయితే గుర్రుమని వేడెక్కిపోతుంది.

ఐసొలేషన్ ఉన్నా ఒక చేయి వెనక్కి పెట్టుకుని పనిచేయడం అలవాటు చేసుకోండి. సెట్టు లోపల వోల్టేజి వెయ్యి దాటే చోట్లు చాలా ఉన్నాయి. పిక్చర్ ట్యూబు పక్కన రబ్బరు టోపీ కింద 16 నుంచి 18 వేల వోల్టులుంటాయి. ట్యూబే ఒక కండెన్సరు, ఆపాక కూడా చార్జి నిలబెట్టుకుంటుంది. బాగా ఇన్సులేషన్ ఉన్న స్క్రూడ్రైవరుకు 100 కిలో ఓముల రెసిస్టరు ఒకటి వరసగా కట్టి, రెండో కొస ట్యూబు బయటి నల్ల పూతను తాకే ఎర్త్ తీగకు క్లిప్ చేసి, టోపీ కిందికి పోనివ్వండి. ఒకసారి చేశాక కాసేపాగి మళ్లీ చేయండి. ట్యూబు మెడ చాలా పలచన. అక్కడ పట్టుకుని ఎత్తకూడదు, పనిచేసేటప్పుడు కళ్లజోడు తీయకూడదు.

ఇక సెట్టు వెనక అట్ట విప్పుదాం. ముందు ఫోటోలు తీయండి, అన్ని వైపుల నుంచీ. ఆ తర్వాతే మెత్తటి పెయింటు బ్రష్షు, బ్లోయర్. వాల్వుల మీద నంబర్లు వేలితో తుడిస్తేనే చెరిగిపోతాయి, అక్షరాలున్న చోటు వదిలేసి మిగతా గాజు తుడవండి. ఏ వాల్వు ఏ సాకెట్లోదో కాగితం మీద రాసుకోండి. వాల్వు తలమీద, లోపల గాజుకు వెండి మచ్చ ఉంటుంది. అది తెల్లబడి ఉంటే లోపలికి గాలి పోయిందని అర్థం, ఆ వాల్వు పనికిరాదు. పిక్చర్ ట్యూబు లోపల కూడా మెడ దగ్గర అలాంటి మచ్చే చూడండి. విశాఖ, కాకినాడ లాంటి సముద్రపు గాలి ఊళ్ల సెట్లలో ట్యూనర్ పళ్ల మీద పచ్చ చిలుము, ఈహెచ్‌టీ చుట్టూ తేమ ఉంటాయి. ఎండు ప్రాంతాల సెట్లకు చెదలు, ఎలుకలు. ఎలుక మూత్రం పడిన బోర్డును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగకుండా ముందుకు పోవద్దు.

బోర్డు సంగతి చెప్పాలి. గోధుమరంగు ఫినాలిక్ బోర్డు మీద వాల్వు సాకెట్ల కింద ఏళ్ల తరబడి వేడికి నల్లగా మాడి ఉంటుంది. ఆ మాడింది బొగ్గు. బొగ్గు కరెంటును పోనిస్తుంది. 200 వోల్టులున్న ట్రాకుకీ, వాల్వు కరెంటును అదుపుచేసే గ్రిడ్ ట్రాకుకీ మధ్య అలాంటి మచ్చ ఉంటే మీరెన్ని భాగాలు మార్చినా తప్పు పోదు. గీకి, అవసరమైతే ఆ ముక్క కోసేసి, తీగతో దాటించాలి. సాకెట్ కాళ్ల చుట్టూ లెడ్డు గుండ్రంగా పగిలి ఉంటుంది. అన్నిటినీ పీల్చేసి కొత్త లెడ్డు పెట్టండి.

ఇప్పుడు మల్టీమీటరు. ఇంకా కరెంటు లేదు. వాల్వు పేరులో మొదటి అక్షరం పి అయితే దాని హీటరు, అంటే లోపల ఎర్రగా వెలిగే తీగ, 300 మిల్లీ ఆంపియర్లది. హీటర్లన్నీ దీపావళి సీరియల్ లైట్లలాగా ఒకే వరసలో ఉంటాయి. ఒకటి తెగితే అన్నీ ఆరిపోతాయి. ఒక మామూలు వరస చూడండి: పీవై 88కు 30 వోల్టులు, పీఎల్ 504కు 27, పీసీఎల్ 805కు 18, పీఎఫ్ఎల్ 200కు 16, పీసీఎల్ 86కు 14, పీసీఎఫ్ 802కు 9, చివర్న పిక్చర్ ట్యూబుకు 6.3. మొత్తం 120 వోల్టులు. మెయిన్స్ 230. మిగిలిన 110 వోల్టులు డ్రాపర్ రెసిస్టరులోనే తగలేస్తే 33 వాట్ల వేడి. ఈ వేడి తప్పించడానికి చాలా సెట్లలో హీటరు వరసలో ఒక డయోడ్ పెట్టారు. సగం తరంగం తీసేస్తే 230 కాస్తా 163 వోల్టులకు సమానమవుతుంది. అప్పుడు డ్రాపర్ తినాల్సింది 43 వోల్టులే. అంటే సుమారు 143 ఓములు, 13 వాట్లు.

ఆ డయోడ్‌ను ముందే తీసి పరీక్షించండి, మాట వినండి. అది షార్టయితే హీటరు కరెంటు 0.3 నుంచి 0.4 ఆంపియరు దగ్గరకు పోతుంది. ఫ్యూజు పోదు. సెట్టు నడుస్తూనే ఉంటుంది, బొమ్మ ఇంకా బాగుందనిపిస్తుంది. వాల్వుల ఆయుష్షూ, వాటితో పాటు పిక్చర్ ట్యూబు ఆయుష్షూ కరిగిపోతూ ఉంటుంది. బాగున్నా సరే, పాతది తీసేసి 1000 వోల్టుల కొత్త డయోడ్ పెట్టడం మంచిది. అదే వరసలో నల్లటి బిళ్ల లాంటి ఎన్‌టీసీ థర్మిస్టరు ఉంటుంది. చల్లగా ఉన్నప్పుడు హీటర్ల మీదికి కరెంటు ఒక్కసారిగా దూకకుండా ఆపేది అదే. విరిగిపోయిందని తీగ ముక్కతో కలిపేసిన సెట్లు కనిపిస్తాయి, మళ్లీ పెట్టాలి.

కండెన్సర్ల దగ్గర కొంచెం ఆగుదాం. పాత సెట్టులో తప్పుల్లో పెద్ద వాటా వీటిదే.

పెద్ద అల్యూమినియం డబ్బా, 200, 100, 50 మైక్రోఫారడ్ల విభాగాలు కలిపి ఉండేది, మెయిన్ ఫిల్టరు. వాడక పడి ఉన్నప్పుడు దీని లోపలి ఆక్సైడ్ పొర పలచబడుతుంది. ఒక్కసారిగా 300 వోల్టులు ఇస్తే లీకేజి కరెంటుతో ఉడికి పేలుతుంది. దాన్ని సర్క్యూట్ నుంచి విడదీసి, 10 కిలో ఓములు, 10 వాట్ల రెసిస్టరు ద్వారా డీసీ ఇవ్వండి. 50 వోల్టులతో మొదలుపెట్టి, రెసిస్టరు మీద పడే వోల్టేజి చూస్తూ ఉండండి. 10 వోల్టులు కనిపిస్తే లీకేజి 1 మిల్లీ ఆంపియరన్నమాట. అది తగ్గాకే ఇంకో 50 పెంచాలి. ఇలా 300 దాకా కొన్ని గంటలు పడుతుంది. చివరికి 1 మిల్లీ ఆంపియరు కిందికి దిగితే డబ్బా ఉంచుకోవచ్చు. దిగకపోయినా, అడుగున ఉబ్బినా, తెల్లటి పొడి కారినా తీసేయడమే. కొత్తది 450 వోల్టులది పెట్టండి. ఎందుకంటే స్విచ్ వేసిన మొదటి అర నిమిషం వాల్వులు చల్లగా ఉంటాయి, కరెంటు లాగేవాళ్లు లేరు. మెయిన్స్ 250 ఉంటే ఆ కాసేపు హెచ్‌టీ, అంటే వాల్వులకిచ్చే పెద్ద డీసీ వోల్టేజి, 350 దాకా ఎక్కుతుంది.

చిన్న ఎలక్ట్రోలైటిక్‌లు, ట్రాన్సిస్టర్ల దగ్గరి 10, 25, 100 మైక్రోఫారడ్లవి ఎండిపోయి ఉంటాయి. వీటిని ఇలా మెల్లగా వోల్టేజి ఎక్కించి రీఫార్మ్ చేయడం దండగ, అన్నీ మార్చేయండి.

పేపరు కండెన్సర్లు, మైనం పూసినవీ తారు పూసినవీ, ఒక్కటి కూడా ఉంచవద్దు. వాటిలో సెట్టు ప్రాణం తీసేవి ఒక దశ సిగ్నల్‌ను తర్వాతి దశకు అందించే కప్లింగ్ కండెన్సర్లు. ముందు దశ యానోడ్ (వాల్వు నుంచి సిగ్నల్ బయటికొచ్చే కొస) మీద 100 వోల్టులు, తర్వాతి దశ గ్రిడ్ మీద సున్నా. మధ్యలో కండెన్సరు కాస్త లీకయితే గ్రిడ్ పాజిటివ్ అవుతుంది, అవుట్‌పుట్ వాల్వు రెట్టింపు కరెంటు లాగుతుంది, దానితో అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు కాలుతుంది. అదే విలువ పాలీప్రొపిలీన్ 630 వోల్టులది పెడితే సమస్య పోయినట్టే. ఇక హారిజాంటల్ అవుట్‌పుట్ చుట్టూ ఉన్నవి, ముఖ్యంగా హెచ్‌టీ మీద అదనపు వోల్టేజి పోగుచేసే బూస్ట్ కండెన్సరు, వేరే జాతి. అక్కడ మామూలు పాలియెస్టర్ వద్దు. సెకనుకు 15,625 సార్లు పల్సు తగిలే చోటది. పల్స్ రేటింగ్ ఉన్న పాలీప్రొపిలీన్, వోల్టేజి అసలు దానికంటే తక్కువ కాకుండా చూసి పెట్టండి.

ఇంకొకటి మరిచిపోతారు. యాంటెన్నా సాకెట్ దగ్గర ఉండే ఐసొలేషన్ కండెన్సర్లు. ఛాసిస్ లైవ్ కాబట్టి బయటి యాంటెన్నా తీగకు కరెంటు రాకుండా ఆపేవి ఇవే. వీటి స్థానంలో మెయిన్స్ భద్రత కోసం చేసిన వై క్లాస్ కండెన్సర్లు మాత్రమే వాడాలి. ఇది షార్టయితే మీరు తగిలించే సెట్‌టాప్ బాక్సు కాలుతుంది, దాన్ని ముట్టుకున్న మనిషికి షాక్ కొడుతుంది.

రెసిస్టర్లలో కార్బన్‌వి వయసుతో విలువ పెరుగుతాయి. మెగాఓమ్ స్థాయివి ఎక్కువగా. 20 శాతం దాటినవి మార్చండి. పాత ట్రాన్సిస్టర్లు, బీసీ 147, బీఎఫ్ 194 లాంటివి, పోతే కొత్త రకం పెట్టవచ్చు గానీ కాళ్ల వరుస ఒకటే అనుకోకుండా డేటా చూసుకోండి. ఐఎఫ్ కాయిళ్ల కోర్లు మాత్రం ముట్టుకోవద్దు. బిగుసుకుపోయి ఉంటాయి, తిప్పితే పగులుతాయి. సాధారణంగా వాటి ట్యూనింగ్ తప్పదు కూడా.

ఇప్పుడు మొదటిసారి కరెంటు. హెచ్‌టీ రెక్టిఫైయర్ తీగ విప్పేయండి, హీటర్లు మాత్రమే వెలగాలి. సెట్టుకు వరసలో బల్బు ఉండే సీరీస్ బోర్డులో 100 వాట్ల ఫిలమెంటు బల్బు పెట్టండి, ఎల్ఈడీ పనికిరాదు. అంతా సవ్యంగా ఉంటే ఒక నిమిషంలో వాల్వులన్నీ ఎర్రగా, మందంగా వెలుగుతాయి. కొన్ని బాగా వెలిగి, కొన్ని ఆరిపోయినట్టుంటే, మధ్యలో ఎక్కడో ఒక వాల్వులో హీటరు, అది వేడిచేసే కేథోడు తగులుకున్నాయి. కరెంటు అక్కడి నుంచే ఛాసిస్‌కు పోతోంది. దాని కింది వాల్వులు ఆకలితో ఉన్నాయి, పైవి ఎక్కువ తింటున్నాయి. వెంటనే ఆపండి.

ఆ తర్వాత బల్బు తీసేసి పూర్తి వోల్టేజితో కొలవాలి. ఇక్కడొక చిక్కుంది. వరసలో డయోడ్ ఉంటే ఏసీ రేంజి తప్పు చెబుతుంది, ఖరీదైన మీటరు కూడా. డీసీ రేంజిలో పెట్టి, వాల్వు వోల్టేజిని 0.637తో గుణించి చూసుకోండి. 27 వోల్టుల పీఎల్ 504 దగ్గర 17 రావాలి. పిక్చర్ ట్యూబు 6.3 దగ్గర 4 రావాలి. ఎక్కువ వస్తే మీ ఇంటి మెయిన్స్ ఎక్కువుందని అర్థం. డ్రాపర్‌కు కొన్ని ఓములు కలపండి.

ఇక అసలు గండం, హారిజాంటల్ అవుట్‌పుట్. దాని వాల్వు పీఎల్ 504 తనంతట తాను అదుపులో ఉండదు. ఆసిలేటరు నుంచి డ్రైవ్, అంటే పల్సుల సిగ్నల్, వస్తేనే దాని గ్రిడ్ మీద నెగటివ్ వోల్టేజి తయారవుతుంది. డ్రైవ్ లేకపోతే నెగటివ్ లేదు, వాల్వు బార్లా తెరుచుకుంటుంది, యానోడ్ ఎర్రబడుతుంది, ఆ కరెంటంతా ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు గుండా పోతుంది. కాబట్టి డ్రైవ్ ఉందని రుజువయ్యాకే దానికి పని ఇవ్వాలి. ఎలా? వాల్వు పీకితే హీటరు వరస తెగుతుంది. తల మీది టోపీ తీస్తే ఇంకా ప్రమాదం, యానోడ్‌కు పోవాల్సిన కరెంటు స్క్రీన్ గ్రిడ్ మీద పడి అది కాలిపోతుంది. సరైన పద్ధతి స్క్రీన్ గ్రిడ్ రెసిస్టరు, 1.5 నుంచి 2.2 కిలో ఓములది, ఒక కాలు విప్పేయడం. ఇప్పుడు హెచ్‌టీ కలిపి, 10 మెగాఓముల మీటరుతో గ్రిడ్ కొలవండి. మైనస్ 40 నుంచి 60 దాకా కనిపిస్తే ఆసిలేటరు పనిచేస్తోంది. సున్నా దగ్గరుంటే ముందు ఆ దశ సరిచేసుకుని రండి.

ఆ తర్వాత రెసిస్టరు తిరిగి అతికించి, గదిలో దీపం తగ్గించి, పీఎల్ 504 మీదే కళ్లు పెట్టి స్విచ్ వేయండి. యానోడ్ మీద ఎర్ర మచ్చ కనిపిస్తే పది సెకన్లలోపు ఆపాలి. డ్రైవ్ ఉండీ ఎర్రబడుతుంటే అవుట్‌పుట్ వైపు ఎవరో భారం మోపుతున్నారన్నమాట. వరసగా చూడండి. మొదట ఈహెచ్‌టీ రెక్టిఫైయర్ డీవై 802 టోపీ తీసి, ఏదీ తాకకుండా వేలాడదీసి ప్రయత్నించండి. ఎరుపు పోతే తప్పు ఆ వాల్వుదో, దాని అవతలదో. తర్వాత బూస్ట్ కండెన్సరు. తర్వాత ట్యూబు మెడ చుట్టూ ఉండే యోక్ కాయిల్ విడదీసి చూడాలి, అప్పుడు బ్రైట్‌నెస్ పూర్తిగా తగ్గించి ఉంచండి. ఇవన్నీ బాగుంటే ట్రాన్స్‌ఫార్మరులోనే చుట్లు షార్టయ్యాయి. ఒక్క ఆశ ఉంది. తేమ వల్ల అయితే, విడదీసి 50, 60 డిగ్రీల వేడిలో కొన్ని గంటలు ఆరబెడితే కోలుకోవచ్చు. అంతకు మించిన వేడి వద్దు, మైనం కరుగుతుంది.

బూస్ట్ వోల్టేజిని బూస్ట్ కండెన్సరు కాలు మీద కొలవండి. 500 దాటి ఉండాలి. హెచ్‌టీతో సమానంగా ఉంటే హారిజాంటల్ నడవడం లేదు. పీవై 88, పీఎల్ 504 తలల మీద మాత్రం మీటరు పెట్టకూడదు. అక్కడ వేల వోల్టుల పల్సులుంటాయి, మీటరు పోతుంది. ఈహెచ్‌టీ ఉందా లేదా అని స్క్రూడ్రైవరుతో నిప్పురవ్వ లాగి చూసే అలవాటు మన మెకానిక్కుల్లో బాగా ఉండేది. హైబ్రిడ్ సెట్టులో ఆ రవ్వ ట్రాన్సిస్టర్లను తినేస్తుంది. హై వోల్టేజి ప్రోబ్ వాడండి.

మిగతావి సులువు. తెర మధ్య ఒకే అడ్డగీత ఉంటే వర్టికల్ పోయింది, పీసీఎల్ 805 చుట్టూ చూడండి. బ్రైట్‌నెస్ వెంటనే తగ్గించకపోతే ఆ గీత ఫాస్ఫర్ మీద శాశ్వతంగా అచ్చవుతుంది. బొమ్మ కింద నొక్కుకుపోతే కేథోడ్ ఎలక్ట్రోలైటిక్, లేదా లీకయిన కప్లింగ్. వేడెక్కేకొద్దీ ఎత్తు తగ్గితే హైట్ కంట్రోల్‌కు పోయే మెగాఓమ్ రెసిస్టరు. సౌండుకు పీసీఎల్ 86 కేథోడ్ మీద 6 వోల్టుల దరిదాపుల్లో ఉండాలి. పది దాటితే గ్రిడ్ చూడండి.

పిక్చర్ ట్యూబును తొందరపడి తప్పుపట్టవద్దు. ఎమిషన్, అంటే కేథోడ్ నుంచి ఎలక్ట్రాన్ల రాక, తగ్గితే తెల్లని చోట్లు వెండి పూసినట్టు మెరుస్తాయి, ముఖాలు నెగటివ్‌లా అవుతాయి. అదే లక్షణం ట్యూబు బేస్ సాకెట్ చిలుము వల్ల, హీటరు వోల్టేజి తక్కువై కూడా వస్తుంది. రోజుకు గంట చొప్పున కొన్నాళ్లు నడిపితే ట్యూబు కొన్నిసార్లు తేరుకుంటుంది. రీజువనేటర్ అనే పరికరంతో కేథోడ్‌కు షాకివ్వడం ఆఖరి ప్రయత్నం. కేథోడ్ పూత ఊడిపోతే ఇక చేసేదేమీ లేదు.

ప్రశ్నలుంటే అడగండి.

(సభలో ఒకరు: దూరదర్శన్ అనలాగ్ ప్రసారాలు లేవు కదా, మరి బొమ్మ ఎక్కడి నుంచి వస్తుందండీ?)

మాడ్యులేటరు కావాలండీ. సెట్‌టాప్ బాక్సు ఏవీ (ఆడియో-వీడియో) అవుట్‌పుట్ తీసుకుని ఛానల్‌గా మార్చే చిన్న డబ్బా. మూడు విషయాలు చూసి కొనండి. మన పాత సెట్టు వీహెచ్ఎఫ్ మాత్రమే తీసుకుంటుంది, కాబట్టి యూహెచ్ఎఫ్ మాడ్యులేటరు పనికిరాదు. బొమ్మకూ ధ్వనికీ మధ్య దూరం 5.5 మెగాహెర్ట్జ్ ఉండాలి. అమెరికా రకంలో అది 4.5, బొమ్మ వస్తుంది గానీ మాట రాదు. ఉదాహరణకు మన పద్ధతిలో 4వ ఛానల్ బొమ్మ 62.25, ధ్వని 67.75. మూడోది, సెట్‌టాప్ బాక్సు మెనూలో పాల్ (మన దేశపు టీవీ పద్ధతి), 4:3 పెట్టుకోండి. ఏవీ తీగను నేరుగా లోపలి బోర్డుకు అతికించే ఆలోచన మాత్రం వద్దు. ఛాసిస్ లైవ్ అని చెప్పాను కదా.

(మరొకరు: ముందే వాల్వులన్నీ కొత్తవి వేసేస్తే పని తగ్గదా?)

తగ్గదండీ. లీకయిన కండెన్సరు అలాగే ఉంటే కొత్త వాల్వు కూడా అదే దారిన పోతుంది. చుట్టుపక్కలవి సరిచేశాక పాత వాల్వులే చాలావరకు పనిచేస్తాయి. స్పేరుగా పీఎల్ 504, పీవై 88, పీసీఎల్ 805 ఒక్కొక్కటి ఉంచుకుంటే చాలు. బెంగళూరు బీఈఎల్ వాళ్లు చేసినవీ యూరప్‌వీ ఒకే నంబరైతే ఒకదాని బదులు ఒకటి సరిపోతాయి. కోఠి గుజరాతీ గల్లీలో, చెన్నై రిచీ స్ట్రీట్‌లో పాత స్టాకు కోసం అడిగి చూడండి. కొనేటప్పుడు ఆ వెండి మచ్చ చూడడం మరవొద్దు.

(ఇంకొకరు: ట్యూబు పోయిన సెట్టులో ఎల్ఈడీ ప్యానెల్ పెట్టేయొచ్చా?)

పెట్టవద్దనే చెబుతాను. పెట్టె అలాగే ఉంచి, ఛాసిస్ అలాగే ఉంచి, ఇంకో పాడైన సెట్టులోంచి ట్యూబు కోసం చూడండి. 20 అంగుళాల ట్యూబులు చాలా సెట్లలో ఒకటే రకం, నంబరు కలిస్తే యోక్‌తో సహా సరిపోతుంది. ఛాసిస్ తీసి పారేస్తే ఇంకొకరి సెట్టుకు పనికొచ్చే ఈహెచ్‌టీ ట్రాన్స్‌ఫార్మరు కూడా దాంతో పోతుంది. చెక్క పెట్టెకు మాత్రం చెదల మందు వేసి, సన్నటి ఉప్పుకాగితం పట్టి, లక్క స్పిరిట్ పాలిష్ పలచగా ఐదారు చేతులు వేయండి. పాలిష్ పూర్తిగా ఆరాకే ఛాసిస్ లోపల బిగించాలి.